నీ ఇష్టం మేడం

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మెల్లగా మాట్లాడితే అది చాడీ అయినా అయివుండాలి, జబ్బయినా అయివుండాలి. మాది సిరిసిల్ల దగ్గర, మా ఆయనది సూరత్. రెండు చోట్లా బతుకు సాంచెల మీదే. కరెంటు మగ్గాలను మేం సాంచెలంటాం. పెళ్ళయి సూరత్ నవాగామ్‌లో అత్తింటి గడప తొక్కిన రోజు మా అత్తమ్మ "కాళ్ళు కడుక్కొని రా బిడ్డా" అంటే, ఎదురింటి మరాఠీ ఆవిడ కొట్లాట మొదలైందనుకుని తలుపు తీసి చూసింది.

మా ఆయనకు అక్కడికి దగ్గర్లోనే ఉధనాలో అద్దె షెడ్డు, అందులో కొన్ని సాంచెలు ఉన్నాయి. వాళ్ళ నాన్న ఎవరి కార్ఖానాలోనో కూలికి నడిపినవాడు, ఈయన సొంతానికి ఎదిగాడు. ఆ షెడ్డులోకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏదో అని ఆగిపోయాను. ఆ మోతలో నా మాట నాకే వినబడలేదు. అక్కడ పనివాళ్ళు అరుచుకోరు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, గుప్పిట నోటి దగ్గర పెడితే చాయ్ వచ్చిందని. మిగతాదంతా పెదవులు చూసి తెలుసుకోవడమే. ఆ కొసన నిలబడ్డవాడు ఏమంటున్నాడో మా ఆయన ఈ కొసనుంచి చూసి జవాబిచ్చేవాడు. నాకు ముచ్చటేసింది. ఇంటికొచ్చాక "నీ ముందర గుసగుస కూడా పెట్టుకునేటట్టు లేదు గదా" అంటే నవ్వాడు.

నేను డిగ్రీ చదివి వచ్చిన కోడలిని. ఆ డిగ్రీని బియ్యం డబ్బాలో అడుగున పెట్టి మరిచిపోవచ్చు, మా వాళ్ళలో అదే మామూలు. ఇంకా చదువుతావా అని అడిగింది మా ఆయనే. తను ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి వరకే చదివి సాంచె దగ్గర నిలబడ్డాడు. నేను కెమిస్ట్రీలో పీజీ చేశాను, తర్వాత బట్టకు అద్దిన రంగు నీళ్ళలోంచి ఎట్లా వదిలించాలన్న దాని మీద పీహెచ్‌డీ చేశాను. పాప కడుపులో ఉండగా కూడా ల్యాబుకు దింపి వచ్చేవాడు. మావాళ్ళు ఊరుకుంటారా? "పెండ్లాన్ని ఇంత సదివిపిస్తే రేపు నిన్ను లెక్క చేస్తదారా" అని అడిగారు. "చేయకుంటే మానె, లెక్కలు నాకు గూడ రావు" అన్నాడు. పట్టా చేతికొచ్చిన రోజు నుంచి నన్ను మేడం అని పిలవడం మొదలుపెట్టాడు. మొదట వేళాకోళానికే, తర్వాత అదే నా పేరైపోయింది.

సూరత్‌లో నాకు దొరికినవన్నీ గంటల లెక్కన చెప్పే పాఠాలు. ఈ సెమిస్టరు పిలిచినవాళ్ళు వచ్చే సెమిస్టరుకు ఫోన్ ఎత్తరు. అట్లా కాళ్ళరిగేలా తిరుగుతుండగా తెలంగాణలో ఒక యూనివర్సిటీలో పర్మనెంటు పోస్టు వచ్చింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. పాప అప్పుడు మూడో తరగతి. మా ఆయన మా ఊరికి వస్తే పని దొరకదని కాదు, కానీ సొంత సాంచెలు అమ్ముకుని ఇంకొకరి కింద కూలికి నిలబడమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అడగలేదు. ఆయన కూడా నన్ను ఆగమనలేదు.

"పో మేడం. ఇంత సదివి ఇంట్ల కూసుంటవా ఏంది. పాపను అమ్మ చూసుకుంటది. ఫోనుంది గదా, రోజు మాట్లాడుకుందం."

అంతే, ఫోనుందన్న ధైర్యంతో కాపురాన్ని రెండు ముక్కలు చేసి పెట్టాం. కొన్నాళ్ళే, సూరత్‌లో ఏదో ఒక పోస్టు రాకపోతుందా, వచ్చిననాడు మళ్ళీ ఒక్క పొయ్యి అనుకున్నాను. ఆ ఆశతోనే సంచి సర్దుకుని బండెక్కాను.

రెండు రాష్ట్రాల కాపురం చేసినవాళ్ళకే తెలిసే బాధ ఒకటుంది. సూరత్‌కు సెలవులంటే దీపావళి. అప్పుడు సాంచెలు ఆగిపోతాయి, బట్టల బజారు మూతపడుతుంది, పిల్లల బళ్ళకు కూడా మూడు వారాలు సెలవే. ఇక్కడేమో దసరా. నాకు బతుకమ్మ సెలవులిచ్చేసరికి అక్కడ పండగ గిరాకీకి సాంచెలు పగలూ రాత్రీ నడుస్తుంటాయి. ఆయనకు తీరిక దొరికేసరికి ఇక్కడ నాకు పరీక్ష పేపర్లు మీద పడుతుంటాయి. నేను దసరాకు వెళితే ఆయన అన్నానికి వచ్చి ముద్ద మింగి మళ్ళీ షెడ్డుకు పరిగెత్తేవాడు. దీపావళికి ఒకరిద్దరిని బతిమాలుకుని నాలుగు రోజులు సెలవు తెచ్చుకునేదాన్ని. ఎప్పుడు పోయినా ఒకరు పనిలో, ఇంకొకరు గోడకానుకుని. దేవుడు కూడా మా క్యాలెండరు చూసి వేళాకోళం చేస్తున్నాడని తిట్టుకునేదాన్ని.

ఇక మిగిలింది ఫోనే. సాయంత్రం నేను ఫోన్ చేస్తే పాప ఎత్తి స్పీకర్లో పెట్టేది. మా ముగ్గురి మాటల్లో సగం దానివే. నేను ఆయన్ని ఏదడిగినా అది మధ్యలో దూరి, "పప్పా, మమ్మీ నీ బీపీ గోలీ వేస్కున్నవా అంటుంది" అని మళ్ళీ చెప్పేది. ఆయన జవాబు చెప్పేవాడు. "నీకేం పని మధ్యల, పెద్దోళ్ళు మాట్లాడుకుంటుంటే" అని కసిరేదాన్ని. అది వినేది కాదు. నానమ్మ గారాబం వల్ల పెద్దరికం ముదిరిందనుకున్నాను.

పాప ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నాకు క్యాంపస్‌లో క్వార్టర్ వచ్చింది. ఆడపిల్ల ఎదుగుతోంది, తల్లి దగ్గర ఉండాలని అత్తమ్మే అంది. తీసుకొచ్చేశాను. స్టేషన్లో మా ఆయన పాప తల నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. బిడ్డ మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాదనను.

ఆ తర్వాత ఆయన మాట తగ్గింది. మొదట వీడియో కాల్ చెయ్యమని ప్రాణం తీసేవాడు. క్లాసుకు క్లాసుకు మధ్య నాకు దొరికేది ఆ కాసేపే. స్టాఫ్ రూములో ఇంకొకరు కూర్చుని ఉంటారు, మా క్యాంపస్‌లో నెట్ సరిగా రాదు, బస్సులో ఉంటే పక్కవాళ్ళు తొంగి చూస్తారు. "మామూలుగ మాట్లాడరాదూ" అంటే, "లేదు, వీడియో చెయ్" అనేవాడు. ఒకసారి కట్ చేస్తే మళ్ళీ వీడియోనే వచ్చేది. మా స్టాఫ్‌లో ఒకావిడ నవ్వుతూ, "మీవారు హాజరు తీసుకుంటున్నారా మేడం" అంది. ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి దులిపేశాను. "నా పక్కన ఎవరున్నరో చూసుకుందామనా? ఇన్నేండ్లకు నా మీద గింత అనుమానం పుట్టిందా?" అని అడిగాను. అవతల ఆయన "సరే, సరే" అన్నాడు. ఆ తర్వాత నేను వీడియో ఎత్తడం మానేశాను. ఆయన కూడా కొన్నాళ్ళకు అడగడం మానేశాడు.

ఇక మిగిలినవి మూడు మాటలు. సరే, మంచిది, నీ ఇష్టం. మెసేజ్ పెడదామంటే రాయడం ఆయనకు బద్ధకం, నేను పేజీ రాస్తే ఒక బొటనవేలు బొమ్మ వచ్చేది. నేను పది మాటలు మాట్లాడితే ఒకటి రాలేది, అది కూడా ఒక్కోసారి అతికేది కాదు. జ్వరమొచ్చిందని చెబితే "మంచిది" అన్నాడు. ఆ రోజు ఫోన్ పెట్టేసి పాప ముందే ఏడ్చాను. దూరం పెరిగితే మనసులు కూడా దూరమవుతాయంటారు, అదే అనుకున్నాను. అక్కడ ఆయనకు ఒంటరి బతుకు అలవాటైపోయిందని, నేను లేని ఇల్లే సుఖంగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

అట్లాంటి రోజుల్లో సూరత్‌లో ఒక కాలేజీలో పోస్టు పడింది. పర్మనెంటే. నేను చేసిన పనికి సరిగ్గా సరిపోయేది. చెప్పి ఆశ పెట్టడం ఎందుకని మా ఆయనకు చెప్పలేదు, పాపకు అసలే చెప్పలేదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే అయిపోయింది. ఎంపిక చేశామని కబురు వచ్చింది, వారంలో జవాబు చెప్పమన్నారు.

అప్పుడు మొదలైంది నాలో గుంజాట. జీతం తక్కువ. ఇక్కడి సర్వీసంతా పోయి మళ్ళీ కొత్తగా చేరినట్టే. నా కింద పరిశోధన చేస్తున్న ఇద్దరు పిల్లలు మధ్యలో ఉన్నారు. పాప బడి మళ్ళీ మార్చాలి. ఇవన్నీ ఒకవైపు పెట్టి, రెండోవైపు ఆయన్ను పెడితే, నిజం చెబుతున్నాను, రెండోవైపే మొగ్గింది. కానీ ఆ మనిషికి నేను కావాలా? అది తెలియాలి. ఆయన ఒక్కసారి రా అంటే చాలు, అన్నీ వదిలేసి వెళ్ళిపోతాను. పిలవని ఇంటికి మాత్రం, అది నా మొగుడి ఇల్లే అయినా, నేను వెళ్ళను.

మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేశాను.

"సూరత్‌ల నాకు నౌకరీ వచ్చింది. పర్మనెంటే. పగార్ తక్కువ, ఇక్కడి సర్వీసంత పోతది. అయినా నువ్వు రమ్మంటే వస్త. రావాల్నా?"

 అవతలినుంచి ఆయన గొంతు వచ్చింది. "నీ ఇష్టం మేడం. నువ్వు ఎట్లంటే అట్ల."

"నా ఇష్టం కాదు. నీ మాట చెప్పు."

"చెప్తున్న గదా, నీ ఇష్టమే. నాదేం లేదు. జర పనుంది, పెడుతున్న."

 నాదేం లేదట. కోపమొస్తే నాకు చేతులు భలే చురుగ్గా పనిచేస్తాయి. ఆ సాయంత్రమే కాలేజీకి రాలేనని రాసి పంపాను. పంపాక అన్నం వండాను, పాపకు పెట్టాను, నేను తినలేదు.

ఆ ఏడు దీపావళికి వెళ్ళకూడదనుకున్నాను. పాప ఏడ్చి గోల చేస్తే వెళ్ళాను. మా ఆయన స్టేషనుకు వచ్చాడు. ఎప్పటిలాగే కళ్ళు తిప్పకుండా నా ముఖంలోకి చూస్తూ మాట్లాడాడు. బరువు తగ్గావన్నాడు. ఫోన్లో మూడు మాటలు దాటని మనిషి ఇంటిదాకా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నాకది నటనలా అనిపించి ఇంకా మండింది.

మర్నాడు ఇల్లు దులపడం పెట్టుకున్నాం. అత్తమ్మ పాపను తీసుకుని రంగోలీ రంగులు కొనడానికి బజారుకు పోయింది. సాంచెలు ఆగిపోయాయి కాబట్టి గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. మా ఆయన స్టూలెక్కి నాకు వీపు పెట్టి ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాడు. నేను కింద అల్మరా సర్దుతున్నాను. ఎన్నాళ్ళు మింగుతాను?

"ఒక మాట అడుగుత. నేను వచ్చేస్తనంటే ఎందుకు వద్దన్నవ్?"

పలకలేదు. రెక్క తుడుస్తూనే ఉన్నాడు.

"నిన్నే. నేను సూరత్‌కు వస్తే నీకేం అడ్డమైత?"

 తడిగుడ్డ మడత మార్చి మళ్ళీ మొదలుపెట్టాడు. నా గొంతు పెరగలేదు, విచిత్రంగా తగ్గింది. లోపలున్నదంతా వరసగా బయటకొచ్చింది. పరాయి ఊళ్ళో జ్వరంతో పడుకున్న రోజులు, పాపను ఒక్కదాన్నే సాకిన రోజులు, ఒక్క రా అన్న మాట కోసం కిటికీ దగ్గర నిలబడ్డ మధ్యాహ్నం. చివరికి "చెవిటోని ముందర శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు" అన్నాను. కోపంలో ఎవరైనా అనే మాటే అది.

ఆయన నిమ్మళంగా పని ముగించి స్టూలు దిగి తిరిగాడు. నా ముఖం చూశాడు. గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం తడబడి, నన్ను బుజ్జగిస్తున్నట్టు అన్నాడు, "సరే తీ, ఏడువకు. నీ ఇష్టం, గట్లనే చేద్దం."

నేను అడిగిన దేనికీ ఆ జవాబు సరిపోదు. ఎందుకు వద్దన్నావంటే నీ ఇష్టం అనేదేమిటి? ఆయన ముఖంలోకి చూశాను. ఆ కళ్ళు నా కళ్ళను చూడడం లేదు. నా పెదవుల మీద ఉన్నాయి.

నేను గోడవైపు తిరిగాను. మామూలు గొంతుతోనే "నీకు వినబడతలేదు గదా" అన్నాను. జవాబు లేదు. ఇటు తిరిగి, ఆయన్ను చూస్తూ అదే మాట మళ్ళీ అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

సాంచెల చప్పుడు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చెవిని తినేసింది. ఎదురుగా ఉన్న మనిషి పెదవులు చదవగలడు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అందరం అరిచి మాట్లాడే ఇల్లు, ఇంకెట్లా తెలుస్తుంది? నన్ను వెనక ఎక్కించుకున్నప్పుడు బండి అద్దం నా ముఖం వైపు తిప్పుకునేవాడు, నేను మురిసిపోయేదాన్ని. వీడియో వీడియో అని నా ప్రాణం ఎందుకు తీశాడో అప్పుడు తెలిసింది. ఫోన్లో నా గొంతు ఆయనకు ఒక గొణుగుడులా మాత్రమే చేరుతోంది. నేను ఏదో అడుగుతున్నానని మాత్రం పోల్చుకునేవాడు. అడిగింది ఏదైనా సరే, ఒప్పుకోవాలని ముందే అనుకుని పెట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే?" అని భుజాలు పట్టుకుని కుదిపాను. "చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"చెప్తే నువ్వు నౌకరి ఇడిసిపెట్టి వస్తవని. ఇంత కష్టపడి సదివినవ్. నా చెవుల కోసం గది పోవాల్నా?"

అప్పుడు చెప్పాను. దాచి ఉండొచ్చు, దాచే శక్తి నాకు లేకపోయింది. ఆయన ముందు కూర్చుని, ఒక్కో మాటా ఆయనకు అందేటట్టు, ఆ మధ్యాహ్నం ఫోన్లో ఏం అడిగానో చెప్పాను. సూరత్‌లోనే నౌకరీ అని చెప్పాను. నౌకరీ వదిలి రావడం కాదు, నౌకరీతోనే రావడం అని చెప్పాను. ఆయన నా నోటినే చూస్తూ ఉండిపోయాడు. అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వినబడితే రా అనేటోన్ని," అన్నాడు. "వెంటనే అనేటోన్ని."

ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా అందరికీ చాయ్‌లు పోయించి తిరిగిన మనిషి. చేతిలోని తడిగుడ్డతోనే ముఖం తుడుచుకున్నాడు. ఫ్యాన్ మసి ముఖమంతా అంటింది. నేను కొంగుతో తుడిచాను. నాకు ఆయన మీద కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నా చదువును కాపాడుతున్నానని నా కాపురాన్ని పోగొట్టాడు. నేనేమో నా పట్టుదలతో ఆ కాస్త దారినీ మూసి వచ్చాను. ఎవరిని తిట్టాలి?

బజారు నుంచి వచ్చిన పాపను అడిగితే అది ఆశ్చర్యపోయింది. "పప్పాకు ఫోన్ల సునాయీ నహీ దేతా, వినబడదు కదా మమ్మీ. నీకు ముందే మాలూమ్ అనుకున్న. అందుకే నేను మళ్ళ మళ్ళ చెప్తుంటి." మధ్యలో దూరుతుందని నేను కసిరిన పిల్ల అది. దాన్ని తీసుకొచ్చేసి ఆయనకున్న ఆ ఒక్క చెవిని కూడా తెచ్చేసుకున్నాను.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. సిగ్గు విడిచి అడిగాను. ఇంకొకరు అప్పుడే చేరిపోయారన్నారు, మర్యాదగానే చెప్పారు. మళ్ళీ అట్లాంటి పోస్టు ఎప్పుడు పడుతుందంటే, ఆ చేరినామె చిన్నదే, ఇంకా చాలా సర్వీసుందట. మా ఆయన అంతకుముందే ఒంటరిగా డాక్టరుకు చూపించుకున్నాడని, చెవి మిషన్ కొని పెట్టెలో పెట్టాడని కూడా అప్పుడే తెలిసింది. అది పెట్టుకుంటే తలలోనే సాంచెలు నడుస్తున్నట్టుంటుందట. అంతకన్నా ఇదే నయమన్నాడు. ఇకనుంచి రోజూ వీడియోలోనే మాట్లాడుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. అంతకుమించి చెయ్యగలిగింది ఏమీ కనబడలేదు. ఆయనకు సాంచెలున్నాయి, నాకు సోమవారం క్లాసుంది.

సెలవు అయిపోయింది. సూరత్ స్టేషన్లో మమ్మల్ని ఏసీ పెట్టె ఎక్కించి, సామాను పెట్టి, ఆయన కిందికి దిగి కిటికీ బయట నిలబడ్డాడు. పాప పైబెర్తు ఎక్కి చెవుల్లో పాటలు పెట్టుకుంది. ఆ కిటికీలు తెరుచుకోవు, మందపు అద్దం. నేను లోపలినుంచి "జాగ్రత్త, గోలీలు మరిచిపోకు" అన్నాను. మరిచిపోనని తల ఊపాడు. నా మాట ఆయనకు అద్దంలోంచి కూడా అందుతుంది.

అప్పుడు ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. అద్దానికి దగ్గరగా వచ్చి, చెయ్యి అద్దం మీద పెట్టి, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. ఫోన్లో అన్నేళ్ళు చెప్పనిదంతా చెబుతున్నట్టుంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్క అందలేదు. అద్దానికి చెవి ఆనించాను, బండి రొద తప్ప ఏమీ లేదు. వినబడడం లేదని చేత్తో చూపిద్దామనుకునేలోగా బండి కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ, ఏదో అడిగి, నా ముఖం చూస్తూ జవాబు కోసం ఆగాడు.

నేను తల ఊపాను. సరే అన్నాను.

ఆయన ముఖం తేలికపడింది, నవ్వాడు, నడక ఆపేసి చెయ్యెత్తాడు. దేనికి సరే అన్నానో నాకు తెలియదు.